నాన్న అలమారాలో ఫ్లాష్

వికా లోపలికి వస్తూనే సంచిలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో సియాలె, పోయినేడు నువ్వు తీసిన గౌను ఫొటో. గౌను బ్రహ్మాండంగా పడింది. మెడ దగ్గర నేను వేసిన కుట్టు కూడా కనిపిస్తోంది. పిల్లనెక్కడ దాచావమ్మా?"

సియాలె ఫొటో వంక చూడక్కర్లేదు, ఆమెకి గుర్తుంది. అయినా చూసింది. చర్చిలో వేదిక ముందు తెల్ల గౌను, తెల్ల మేజోళ్ళు, తల మీద తెల్ల రిబ్బను. రిబ్బనుకీ గౌనుకీ మధ్య మొహం ఉండాల్సిన చోట ముదురు మరక. వికా కూతురు టొకిలుపె ఆ రోజు బైబిలు వాక్యం ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పి, చివర్న అందరి వైపూ తిరిగి నవ్వింది. ఆ నవ్వు ఫొటోలో ఎక్కడా లేదు.

"వెనకాల కిటికీల వెలుగు వికా..."

"కిటికీలు నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. మీ నాన్న తీసిన ఫొటోల్లో నేను కనిపించలా? మా పిల్ల నలుపే, నేను కాదన్నానా? గుడ్డ ముక్కకి ఇచ్చిన మర్యాద దాని మొహానికి ఇవ్వకపోతే ఎట్లా?"

వికా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సియాలెకి తేలిగ్గా ఉండేది. "చర్చి కమిటీలో మాట్లాడుకున్నాం. ఈ ఆదివారం కూడా ఇట్లాగే వస్తే, వచ్చే ఏటి నుంచి ఎవరి ఫోన్లో వాళ్ళు తీసుకుంటారు. ముందుగా ఒక మాట చెప్పాలని వచ్చా. ఏమనుకోకు" అని వెళ్ళిపోయింది. ఫొటో మాత్రం బల్ల మీదే వదిలేసింది.

దీవిలో నెయాఫు రేవు పైన మెరక మీద ఉన్న ఆ ఫొటోల దుకాణానికి ఏడాది పొడుగునా పాస్‌పోర్టు ఫొటోలే. మే నెల మొదటి ఆదివారం, పిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వాక్యాలు చెప్పే రోజు ఒక్కటే నిండుగా పని. ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఫొటో కావాలంటారు, పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటారు, సముద్రాలు దాటి వెళ్ళిన చుట్టాలకి పంపుతారు. ఆ ఆదివారం చెయ్యి జారిపోతే తలుపు మీద నాన్న పేరున్న బోర్డు దింపుకోవడమే. ఆ సంగతి వికాకీ తెలుసు. అందుకే వచ్చి చెప్పింది. మంచి మనిషే, కానీ మంచి మనుషులు చెప్పే మాటలు ఎక్కువ గుచ్చుకుంటాయని సియాలెకి ఆ పూట తెలిసింది.

వసారాలో కూర్చున్న సియాలె నాన్న సెమిసికి ఇదంతా వినబడింది. వినబడనట్టు రేవు వైపు చూస్తూ కూర్చున్నాడు. కుడి చెయ్యి ఎడమ చంకలో ఇరికించుకుని కూర్చోవడం ఆయనకి అలవాటైపోయింది. బయట ఉంటే ఆ చెయ్యి వణుకుతుంది. దుకాణం కూతురికి అప్పగించిన రోజు నుంచీ ఆయన లోపలి గదిలో కాలు పెట్టడం కూడా తక్కువే.

సియాలె కళ్ళు గోడవారగా ఉన్న అద్దాల అలమారా మీదకి వెళ్ళాయి. పై అరలో తువ్వాలు పరిచి, దాని మీద నాన్న పాత ఫ్లాష్ పెట్టి ఉంది. నల్లగా, బరువుగా, ఇటుకంత ఉంటుంది. ఆ ఫ్లాష్ వెలిగితే చర్చి చివరి వరసలో కునికే ముసలాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఆమె కెమెరా ఆక్లాండ్‌లో ఉన్న పెదనాన్న కొడుకు పంపింది, కొత్తది. మీట నొక్కితే నుదుటి మీద నుంచి ఓ బుల్లి ఫ్లాష్ తలెత్తుతుంది. అది పాస్‌పోర్టు మొహాలకి సరిపోతుంది గానీ చర్చిలో ఎందుకూ కొరగాదు.

అలమారాకి తాళం లేదు. ఉండాల్సిన పనీ లేదు. నాన్న కూర్చునే కుర్చీలో కూర్చోకూడదు, నాన్న కంచంలో మిగిలింది తినకూడదు, నాన్న తల మీద చెయ్యి పెట్టకూడదు, నాన్న వస్తువు ముట్టకూడదు. సియాలె ముప్ఫై దాటినా ఇంకా అలాంటి ఇంటి పిల్లే. "నాన్నా, ఆ ఫ్లాష్ ఇస్తారా" అని నోరు తెరిచి అడగడం కూడా లెక్కప్రకారం ముట్టుకున్నట్టే. అందుకే వసారా గుమ్మంలో నిలబడి చుట్టుతిప్పి అంది.

"చర్చిలో ఈసారి కూడా వెలుతురు చాలదేమో నాన్నా."

"చాలదు" అన్నాడు సెమిసి.

ఆమె కాసేపు నిలబడింది. ఆయన రేవులో ఓ పడవ తెరచాప దించుతుంటే శ్రద్ధగా చూశాడు. నా చేతికి అది తగదనుకుంటున్నాడు, ఇంకేముంది, అనుకుంది సియాలె.

*

నాన్న ఇవ్వనిది ఇప్పించగల మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె లుసేయానె, సెమిసి అక్క, సియాలెకి మేనత్త. వాళ్ళ ఆచారంలో అక్క మాటకి తమ్ముడు ఎదురు చెప్పడు. శుక్రవారం పొద్దున్నే సియాలె ఆమె ఇంటికి వెళ్ళింది. అత్త నేలమీద కాళ్ళు చాపుకుని చాప అల్లుతోంది.

"ఏమే, మొహం అట్లా పెట్టావు? మొగుడు దొరికాడా, దొరికినవాడు పారిపోయాడా?"

"రెండూ కాదు అత్తా." సియాలె కింద కూర్చుని, వికా వచ్చినదీ, నాన్న పలకనిదీ చెప్పింది.

అత్త అల్లిక ఆపకుండానే విన్నది. "అలమారాలో దాచుకుంటే పిల్లలు పెడుతుందా ఆ ఫ్లాష్? అసలు ఆ ఇంట్లో మీ నాన్న వస్తువంటూ ఏముందే? అంతా నాది. వాడుకోమని వాడికిచ్చా. సాయంత్రం వస్తా."

అన్నట్టుగానే వచ్చింది. ఆమె చెప్పుల చప్పుడు దూరాన్నుంచి వినగానే సెమిసి కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, పనసచెట్టు కింద నిలబడ్డాడు. అక్క ఉన్న గదిలో తమ్ముడు ఉండడు. వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకుంటారు, చిన్నప్పట్నుంచీ ఒక చాప మీద కూర్చున్నది లేదు.

లుసేయానె తిన్నగా అలమారా తెరిచి ఫ్లాష్ తీసింది. ఇటూ అటూ తిప్పి, వెనకాల మీట కనిపిస్తే నొక్కింది. గది మొత్తం తెల్లగా వెలిగింది.

"ఓరి దేవుడా!" అత్త కళ్ళు నులుముకుంది. "చచ్చిందనుకున్నా, బానే బతికుందే. చూడు, నాకిప్పుడు ఇద్దరు సియాలెలు కనబడుతున్నారు."

సియాలె ఆశ్చర్యపోయింది. రెండేళ్ళ నుంచి ఎవరూ వాడని ఫ్లాష్‌లో బ్యాటరీలు తాజాగా ఉన్నాయి.

అత్త గుమ్మంలోకి వచ్చి, చెట్టు వైపు తిరిగి, సూటిగా తమ్ముడి మొహం చూడకుండా అంది. "సెమిసీ, ఇది నేను తీసుకుంటున్నా. నా మేనకోడలికి ఇస్తున్నా. ఆదివారం కెమెరా నెత్తిన పెట్టుకుంటుంది."

సెమిసి తలెత్తాడు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. చంకలోంచి చెయ్యి జారి బయటికి వచ్చింది, మళ్ళీ లోపల దాచుకున్నాడు. తల వంచుకున్నాడు.

"మీ ఇష్టం అక్కా."

అత్త గెలిచినట్టు సియాలె వంక కన్ను గీటింది. సియాలె మాత్రం నాన్న మొహాన్నే చూస్తోంది. ఆ మొహంలో కోపం లేదు, భయం ఉంది. దేనికి భయమో ఆమెకి తోచలేదు. పిసినారితనం అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకు పుట్టి, ఫ్లాష్ బల్ల మీద పెట్టి పిల్లల రిహార్సల్‌కి వెళ్ళిపోయింది.

*

శనివారం పొద్దున ఊరంతా పొయ్యిల పొగ. ఆదివారం విందు కోసం చేమాకుల్లో కొబ్బరిపాలూ డబ్బా మాంసమూ పెట్టి పొట్లాలు కడుతున్నారు. సియాలె వాటి పని తెమిల్చి, చేతులు కడుక్కుని ఫ్లాష్ చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. వెనక మూత తెరిస్తే లోపల ఖాళీ.

ఆమె చాలాసేపు ఆ ఖాళీ గూటి వంక చూసింది. అక్క ముందు తలూపి, అక్క వెళ్ళాక బ్యాటరీలు పీకేశాడన్నమాట. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవకుండా చీనావాళ్ళ కొట్టుకి వెళ్ళి కొత్త బ్యాటరీలు కొనుక్కొచ్చింది. దారిలో ముగ్గురు పలకరిస్తే ముగ్గురికీ పొడిగా జవాబిచ్చింది.

బ్యాటరీలు వేసింది. సన్నగా ఈల లాంటి చప్పుడు మొదలై, పైపైకి పోయి, ఎర్రదీపం వెలిగింది. కెమెరా ఎడమచేత్తో పట్టుకుని, ఫ్లాష్ అడుగునున్న కాలిని కెమెరా నెత్తిన ఉన్న గాడి దగ్గరికి తెచ్చింది.

"కెమెరా మీద పెట్టకు."

సెమిసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకుని వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు.

"అత్త ఇచ్చింది నాన్నా."

"తెలుసు. పెట్టకు."

సియాలె ఫ్లాష్ దింపింది. "బ్యాటరీలు మీరే తీశారు కదా."

"తీశా."

"నా చేతుల మీద అంత నమ్మకం లేదా? లేకపోతే లేదని చెప్పండి. బోర్డు దింపేద్దాం. వికా చెప్పగలిగిన మాట మీరు చెప్పలేరా?"

ఆ ఇంట్లో కూతురు తండ్రితో అంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. అన్నాక ఆమెకే భయమేసింది. సెమిసి లోపలికి వచ్చి, బల్లకి ఇవతల నిలబడ్డాడు.

"నమ్మకం లేక కాదే తల్లీ. అది నీ కెమెరాని చంపేస్తుంది. దాని కాలి దగ్గర ఎంత కరెంటుందో నీకు తెలీదు. ఓసారి తడిచేత్తో ముట్టుకుని ఆ గోడకి కొట్టుకున్నా. నా పాత కెమెరాలో రేకూ రేకూ తగిలితే ఫ్లాష్ వెలిగేది, ఆ రేకులు ఎంత కరెంటైనా ఓర్చుకునేవి. నీ దాంట్లో అంతా సున్నితం. రేవు దగ్గర తేవితా లేడూ? కొత్త కెమెరా కొని, మొదటి పెళ్ళికే దాని మీద పాత ఫ్లాష్ ఎక్కించాడు. టప్పుమంది. పెళ్ళికూతురు వచ్చేసరికి కెమెరా చచ్చి ఊరుకుంది. మళ్ళీ లేవలా."

సియాలె గాడి వైపు చూసింది. ఇందాక ఫ్లాష్ దానికి వేలెడు దూరంలో ఆగింది.

"నిన్ననే చెప్పొచ్చు కదా!"

"ఎవరికి చెప్పను? అక్క చెయ్యి వేసిన వస్తువుని వద్దనడానికి నేనెవర్ని?"

"పోనీ ఆమె వెళ్ళాక నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెప్తే అక్క మాట తీసేసినట్టే కదా. అందుకని..." సెమిసి బ్యాటరీల గూటి వైపు గడ్డంతో చూపించాడు. "పని చెయ్యట్లేదనుకుని వదిలేస్తావనుకున్నా. ఎవరికీ మాట రాకుండా ఆదివారం వెళ్ళిపోతుందనుకున్నా."

"ఆదివారంతో పాటు దుకాణం కూడా వెళ్ళిపోతుంది నాన్నా."

బల్ల మీద వికా వదిలిపోయిన ఫొటో ఉంది. సెమిసి ఎడమచేత్తో దాన్ని తీసి, దూరంగా పెట్టుకుని చూశాడు. "తెలుపు చూసి మోసపోయింది నీ కెమెరా. ఎదురుగా ఇంత తెలుపుంటే, చాలా వెలుగుంది కదా అని లోపలికి వచ్చే వెలుగు తగ్గించేసుకుంటుంది. పిల్ల మొహం సంగతి దానికెందుకు?" ఆయన ఫొటో బోర్లించి పెట్టాడు. "అలమారా కింద అరలో మిఠాయి డబ్బా ఉంది. తియ్యి."

"నేను తీయనా?"

"నా చేత్తో ఆ మూత రాదు."

డబ్బాలో దారపుండలూ, తుప్పు మేకులూ, వాటి మధ్య ఎర్ర గాజుపలుకు లాంటి చిన్న ముక్కా ఉన్నాయి. సెమిసి దాన్ని కన్ను అన్నాడు. పెద్ద పెళ్ళిళ్ళలో హాలు చివర రెండో ఫ్లాష్ పెట్టి, దాని కాలికి ఈ కన్ను తగిలించేవాడట. కెమెరా దగ్గర ఫ్లాష్ వెలగ్గానే అది చూసి తన ఫ్లాష్‌ని వెలిగిస్తుంది. తీగ అక్కర్లేదు, ముట్టుకోవడం అక్కర్లేదు.

"అంటే నా కెమెరా బుల్లి ఫ్లాష్ కన్ను గీటితే, అంత దూరాన ఉన్న మీది వెలుగుతుందన్నమాట."

"అదే. కరెంటు దాని దగ్గరే ఉంటుంది, వెలుగు నీ దగ్గరికొస్తుంది."

ఎదురుగా కూర్చోబెట్టి తీయడానికి మనిషి కావాలి. వీధిలో ఎవర్ని పిలిచినా ఊరంతా తెలుస్తుంది. సియాలె వంటింట్లోంచి ఎండు కొబ్బరికాయ తెచ్చి, తన చిన్నప్పటి తెల్లగౌను ఓ దిండుకి తొడిగి, మెడ మీద కొబ్బరికాయ నిలబెట్టింది. నున్నగా గోధుమరంగు మొహం, పీచు జుట్టు. సెమిసి దాని వంక చూసి, "మీ అత్త చిన్నప్పుడు అచ్చం ఇట్లాగే ఉండేది" అని, వెంటనే తన నోటి మాటకి తానే బెదిరి గుమ్మం వైపు చూశాడు. సియాలె నవ్వాపుకోలేకపోయింది.

ఫ్లాష్ కిటికీ గట్టు మీద పెట్టి, కెమెరా నొక్కింది. బుల్లి ఫ్లాష్ వెలిగింది, పెద్దదీ వెలిగింది. తెరమీద చూస్తే గౌను బూడిదరంగులో మసక, కొబ్బరికాయ జాడే లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"రెండూ వెలిగాయిగా!" సెమిసి కలవరపడ్డాడు. "దీనికేం రోగం? కన్ను మీద దుమ్ము పడిందేమో" అని తువ్వాలుతో తుడిచాడు. కన్ను బానే ఉంది.

ఈసారి సియాలె మీట నొక్కి, ఫొటో వైపు కాకుండా బుల్లి ఫ్లాష్ వైపే చూసింది. మళ్ళీ చూసింది. ఒక్క మెరుపులా ఉంది గానీ ఒకటి కాదు. మొదట ఓ చిన్న మెరుపు, కొలత కోసం. దాని వెనకాలే అసలుది.

"నాన్నా, నా కెమెరా రెండుసార్లు గీటుతోంది. మొదటిది ఊరికే, వెలుగెంతుందో చూసుకోడానికి. మీ ఫ్లాష్ ఆ మొదటిదానికే ఉన్నదంతా ఊడ్చేస్తోంది. అసలు ఫొటో టైముకి దాని దగ్గర ఏమీ మిగలట్లా."

సెమిసి గట్టిగా నవ్వాడు. "వయసైనవాళ్ళంతే. పూర్తిగా పిలవకముందే లేచి నిలబడతాం."

సియాలె కెమెరాలో మెనూలన్నీ తిరగేసి, ఆ కొలత మెరుపు మానేసి ఒక్కసారే, అదీ వీలైనంత తక్కువగా వెలిగేట్టు పెట్టింది. లెన్సులోకి వెలుగెంత రావాలో కూడా తనే చేత్తో సరిచేసుకుంది. నొక్కింది. గది తెల్లబడింది. తెరమీద గౌను అంచుల కుట్టు కనబడింది, దానిపైన కొబ్బరికాయ కూడా, దాని మూడు కళ్ళతో, పీచుపీచుగా, నిగనిగలాడుతూ.

ఇద్దరూ చిన్నతెర మీదకి వంగి చూశారు. తండ్రి తల పక్కన తన తల అంత దగ్గరగా ఉందని సియాలెకి ఆలస్యంగా తెలిసింది. చప్పున వెనక్కి జరిగింది.

"ఇక దూరం తప్పకుండా చూసుకోవాలి. పిల్ల ముందుకొస్తే ఫ్లాష్ వెనక్కి జరగాలి, పిల్ల పొట్టిదైతే వంగాలి" అన్నాడు సెమిసి. "ఎవరైనా చేత్తో పట్టుకుని నిలబడాలి."

సియాలె చూపు ఆయన చంక వైపు వెళ్ళింది.

"చెయ్యి వణికితే కెమెరాకి నష్టం గానీ ఫ్లాష్‌కేంటి నాన్నా? ఆ మెరుపు ఉండేదే రెప్పపాటు కూడా కాదు. అంతలో ఏం వణుకుతుంది?"

"ఫొటోలో కనబడదు. చర్చిలో కనబడుతుంది." ఆయన చెయ్యి ఇంకాస్త లోపలికి దాచుకున్నాడు. "వేరే ఎవర్నన్నా చూసుకో."

ఆ మాటలో కోపం లేదు. వేడుకోలు ఉంది. సియాలె మరి బలవంతం చేయలేదు.

సాయంత్రం చేమాకు పొట్లాలు పళ్ళెంలో పెట్టుకుని అత్త ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. అత్త ఒక్కమాట అంటే చాలు. సెమిసీ, రేపు ఫ్లాష్ పట్టుకుని నిలబడు, అంటే నిలబడతాడు. వణుకుతూనే నిలబడతాడు. ఊరంతా చూస్తుంటే తల వంచుకుని, మీ ఇష్టం అక్కా అని నిలబడతాడు.

"రావే. ఎట్లా ఉంది నేనిచ్చిన ఫ్లాష్? మీ నాన్న ఏమన్నా గొణిగాడా? గొణిగితే చెప్పు, ఇప్పుడే వచ్చి అడుగుతా" అంది లుసేయానె, పొట్లాల వాసన చూస్తూ.

సియాలె నోటి దాకా వచ్చింది మాట. అత్త ఎదురుచూస్తోంది. ఎంత తేలికో ఆ ఒక్కమాట.

"ఏం లేదత్తా. బాగా పనిచేస్తోంది. మీకు చేమాకు పొట్లాలంటే ఇష్టమని తెచ్చా."

*

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఆచారం ప్రకారం నడుములకి కొత్త చాపలు చుట్టుకున్న పెద్దలు, తెల్లగా మెరిసిపోయే పిల్లలు, విసనకర్రలు. ముందు వరసలో లుసేయానె, పక్కన వికా. సెమిసి చివరి వరసలో, తలుపు దగ్గర. సియాలె వేదిక పక్క స్తంభానికి ఫ్లాష్‌ని గుడ్డపేలికతో కట్టి, కన్ను తనవైపు తిప్పి పెట్టుకుంది.

మొదటి ఇద్దరు పిల్లలు చెప్పిన చోట నిలబడ్డారు. బాగా వచ్చాయి. మూడోవాడు భయపడి వాళ్ళమ్మ వైపు జరిగిపోయాడు, వెలుగంతా ఖాళీ చోట పడింది. నాలుగో పిల్ల స్తంభం పక్కకే వచ్చి నిలబడింది, మొహం పిండి రాసినట్టు తెల్లగా వచ్చింది. సియాలె పరుగెత్తి ముడి విప్పి తిప్పి కట్టేలోపు ఐదోవాడు వాక్యం చెప్పేసి దిగిపోయాడు. ఆమె వీపంతా చెమట. వికా కెమెరా వైపే చూస్తోంది. వరసలో తర్వాతిది టొకిలుపె.

వెనక బల్ల కిర్రుమంది. ఎవరో నడవలో నడిచి వస్తున్నారు. పిల్లల ఆదివారం నాడు వాక్యాల మధ్య లేచే పెద్దవాళ్ళుండరు, జనం తలలు తిప్పి చూశారు. సెమిసి. రెండు చేతులూ బయటే ఉన్నాయి.

ఆయన స్తంభం దగ్గర ఆగి ముడి విప్పబోయాడు. చెయ్యి వణికింది. గుడ్డ చిక్కుబడింది. ఓ నిమిషం చర్చి మొత్తం ఆ చేతినే చూసింది, ఎవరో గుసగుసలాడారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి తీయలేదు. పంటితో ముడి లాగి, ఫ్లాష్ తీసుకున్నాడు. అప్పుడు వెనక్కి తిరిగితే, ఎదురుగా ముందు వరసలో అక్క. కూర్చున్న అక్క ముందు, ఆమె తలకి పైన చెయ్యెత్తి నిలబడాలి. సెమిసి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

లుసేయానె తమ్ముడి వంక చూడలేదు. విసనకర్ర మడిచి, బల్ల పట్టుకుని, ఆ భారీ మనిషి మెల్లగా లేచి నిలబడింది. నిలబడే ఉండిపోయింది. ఆమె వెనక కూర్చున్నవాళ్ళకి వేదిక కనబడటం మానేసింది, కూర్చోమనే ధైర్యం ఎవరికీ లేదు. నిలబడ్డ అక్క ముందు తమ్ముడు నిలబడితే తప్పేముంది.

టొకిలుపె వచ్చింది. తెల్ల గౌను, తెల్ల మేజోళ్ళు. మధ్యలో నిలబడకుండా ఓ మూలకి వచ్చి నిలబడింది. సెమిసి ఫ్లాష్ ఎత్తి కూతురి వైపు చూశాడు.

"ఎక్కడ నిలబడను?" అన్నాడు, చిన్నగా.

సియాలె పుట్టి బుద్ధెరిగాక నాన్నకి ఇటు రండి, అటు వెళ్ళండి అని చెప్పింది లేదు. ఇక్కడ, పాస్టరు గారి ముందు, ఊరందరి ముందు. పిల్ల వాక్యం మొదలుపెట్టేసింది.

"చెప్పు తల్లీ" అన్నాడు సెమిసి.

"కుడికి రండి నాన్నా. ఇంకా. చాలు. ఇంకొంచెం పైకి."

ఆయన పైకెత్తాడు. చెయ్యి గాలిలో వణుకుతోంది, ఫ్లాష్ వణుకుతోంది, ఎర్రదీపం వణుకుతోంది. పిల్ల చివరి పదం చెప్పి తలెత్తి నవ్వింది. సియాలె నొక్కింది.

తెరమీద టొకిలుపె. నల్లటి బుగ్గలు, ముక్కు కొన మీద చెమట బొట్టు, నవ్వులో ఊడిన పన్ను చోట సందు, కళ్ళల్లో ఒక్కో చుక్క వెలుగు. ఎక్కడా వణుకు లేదు. వికాకి చూపించాలనుకుంది, కానీ అప్పటికే తర్వాతి పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు, పొట్టివాడు, అందరికంటే చిన్నవాడు. వాడి మొహానికి వెలుగు అందాలంటే ఫ్లాష్ బాగా కిందికి రావాలి.

సియాలె గొంతు సవరించుకుంది. ఈసారి మాట గట్టిగానే వచ్చింది.

"మోకాళ్ళ మీద కూర్చోండి నాన్నా."

సెమిసి కూర్చున్నాడు.